గ్యారేజీ తలుపూ, అమ్మ పప్పుగుత్తీ

మా గ్యారేజీ తలుపు ఎంత బరువుంటుందో ఆ ఇంట్లో దిగిన ఆరేళ్లకు గానీ నాకు తెలియలేదు. కారులో కూర్చుని మీట నొక్కితే లేచేది, సందులోకి వెళ్లాక మళ్లీ నొక్కితే దిగేది. దానితో నాకున్న పరిచయం అంతే. 2021 ఫిబ్రవరి 16, మంగళవారం పొద్దున దాన్ని చేతులతో ఎత్తవలసి వచ్చింది. రెండు గంటలు పట్టింది. అందులో సగానికి సగం, అంతకు రెండేళ్ల క్రితం నేను చేసిన ఘనకార్యాన్ని విప్పుకోవడానికే పోయింది.

మేముండేది టెక్సాస్‌లో, డాలస్‌కు ఉత్తరాన ఉన్న ప్లానోలో. ఇక్కడి పాత కాలనీలలో చాలా ఇళ్లకు ముఖం వీధివైపు, గ్యారేజీ వెనక సందువైపు ఉంటాయి. ఇంట్లో అప్పుడు ముగ్గురం ఉన్నాం: నేను, పదకొండు నెలల పాప, అమ్మ. అమ్మ నా పురుడు పోయడానికని 2020 ఫిబ్రవరిలో తెనాలి నుంచి వచ్చి, కరోనాతో విమానాలు ఆగిపోవడంతో ఏడాదిగా మా దగ్గరే ఉండిపోయింది. మా ఆయన కథ తలకిందులు. మామయ్యగారి ఆపరేషన్‌కని డిసెంబరులో ఇండియా వెళ్లి, వీసా స్టాంపింగుకు తేదీ దొరక్క అక్కడే చిక్కుకున్నారు.

ఆదివారం మంచు కురిసింది. సోమవారం తెల్లవారకముందే కరెంటు పోయింది. టెక్సాస్‌కు చాలా మటుకు తనదైన సొంత గ్రిడ్ ఉంది. చలికి వాడకం పెరిగింది, అదే చలికి గ్యాస్ సరఫరా, విద్యుత్కేంద్రాలు మొరాయించాయి. ఆ రాత్రి ఒకటిన్నరకు ముందే మొదలైన కోతలను రెండింటి లోపు ఇంకా పెంచకపోతే మరో 4 నిమిషాల 37 సెకన్లలో గ్రిడ్ మొత్తం కుప్పకూలి ఉండేదని తర్వాత బయటపడింది. విడతలవారీ కోతలన్నారు. మా వీధికి వచ్చింది ఒకే విడత. ఆసుపత్రులు, అగ్నిమాపక కేంద్రాలు ఉన్న లైన్లను ఆపలేదు కాబట్టి, ఓ ఆసుపత్రి పక్కన ఉండే మా స్నేహితురాలి ఇంట్లో మాత్రం దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. "వచ్చేయండి, ముగ్గురూ వచ్చేయండి" అని సోమవారం నుంచి ఒకటే పోరు. రోడ్ల మీద జారుడుకు జడిసి ఆ రోజు ఆగాను.

ఆ ఆగడం పొరపాటే. ఇంట్లో హీటరు గ్యాస్‌దే అయినా, ఆ వేడిని గదులలోకి నెట్టే ఫ్యానుకు కరెంటు కావాలి. రాత్రికి ఇల్లు 8 డిగ్రీలకు దిగింది. పాపకు మూడు స్వెట్టర్లు వేసి ఇద్దరి మధ్యా పడుకోబెట్టుకున్నాం. డాలస్ విమానాశ్రయం దగ్గర ఆ తెల్లవారుజామున మైనస్ 19 సెల్సియస్. 1949 తర్వాత ఈ ఊరు అంత చలి చూడలేదట. పొద్దున దేవుడి దగ్గరి అగ్గిపెట్టెతో గ్యాస్ పొయ్యి వెలిగించి అమ్మ కాఫీ కలిపింది. కరెంటు లేనిదే పొయ్యికి నిప్పురవ్వ కూడా పుట్టదని ఆమెకు అప్పటికే అర్థమైపోయింది. "మీ అమెరికాలో అగ్గిపుల్ల కూడా కరెంటుతోనే వెలగాలా?" అంది.

ఆ తర్వాత ఆమె అన్న మాటకు మాత్రం నాకు గుండె ఝల్లుమంది. "కారులో హీటరు ఉంటుంది కదా. పాపను తీసుకుని కాసేపు అందులో కూర్చుందాం, ఇక్కడే, గ్యారేజీలో."

వద్దని గట్టిగా చెప్పాను. మూసిన గ్యారేజీలో ఇంజను ఆన్ చేస్తే కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కునుకు పట్టినట్టే పట్టి ప్రాణం పోతుంది. గ్యారేజీకి ఆనుకుని ఇల్లు ఉంటే ఆ గాలి లోపలికీ చేరుతుంది. ఆ వారం హ్యూస్టన్‌లో అలాగే వేడి కోసం గ్యారేజీలో కారు నడిపిన కుటుంబంలో ప్రాణాలు పోయాయి. తలుపు తీసి పెట్టి నడిపినా నమ్మకం లేదు. కారు పూర్తిగా బయటికి రావాలి. బయటికి రావాలంటే తలుపు తెరవాలి.

గోడ మీద మీట నొక్కాను. ఉలుకూ పలుకూ లేదు. కారులోని రిమోట్ నొక్కాను. దానికి సొంత బ్యాటరీ ఉంది కాబట్టి చిన్న దీపం వెలిగింది, మోటారుకు లేదు కాబట్టి తలుపు కదల్లేదు. ఇది ముందే తెలిసిన సంగతే, అయినా నాలుగైదుసార్లు నొక్కాను. తర్వాత వంగి, తలుపు అడుగున ఉన్న పిడి పట్టుకుని ఎత్తబోయాను. వేలెడు కూడా లేవలేదు.

మా ఆయనకు వాట్సాప్ కాల్ చేశాను. ఇక్కడ ఉదయం తొమ్మిది, అక్కడ రాత్రి ఎనిమిదిన్నర. ఫోనులో 11 శాతం ఛార్జి ఉంది.

"అలా ఎంత ఎత్తినా లేవదు" అన్నారు. "తలుపును మోటారు గొలుసు పట్టుకుని ఉంటుంది. పైన పట్టా మీద గొలుసుతో పాటు జరిగే చిన్న బండి లాంటిది ఉంది చూడు, దానికి ఎర్ర తాడు వేలాడుతుంది. అది లాగితే తలుపూ గొలుసూ విడిపోతాయి. అప్పుడు చేత్తో ఎత్తచ్చు."

ఫోను దీపం పైకి ఎత్తి చూశాను. ఎర్ర తాడు లేదు. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. అప్పుడు నాకు గుర్తొచ్చింది.

2019లో మా కాలనీలో దొంగతనాల గురించి ఒకటే చర్చ. తలుపు పై అంచున సందు చేసి, బట్టల హ్యాంగరును తిన్నగా సాగదీసి లోపలికి దూర్చి, ఆ ఎర్ర తాడు కొక్కేన్ని లాగి క్షణాల్లో గ్యారేజీ తెరిచే వీడియో ఒకటి అందరి ఫోన్లలోనూ తిరిగింది. అది చూసిన రాత్రే నిచ్చెన ఎక్కి, తాడు చివరి పిడి తీసేసి, తాడును చుట్టచుట్టి, కొక్కెం కదలకుండా ప్లాస్టిక్ టైలతో, అంటే వైర్లు కట్టే సన్న పట్టీలతో, బిగించి కట్టేశాను. ఒకటి కాదు, మూడు. చేసిన పనికి మురిసిపోయి ఆయనకు ఫోటో కూడా పంపాను. ఆ తాడు పెట్టింది కరెంటు పోయినప్పుడు మనుషులు బయటపడటానికనే సంగతి అప్పుడు తట్టలేదు. దొంగ రాలేదు గానీ, దొంగకు వేసిన బంధం నాకే పడింది.

"ముందు స్ప్రింగు చూడు, అది చూడకుండా..." అంటుండగా కాల్ తెగిపోయింది. మళ్లీ కలవలేదు. ఆ వారమంతా సెల్ టవర్ల పరిస్థితి కూడా మా పరిస్థితే.

స్ప్రింగు ఎక్కడుందో, దాంట్లో ఏమి చూడాలో నాకు తెలియదు. అమ్మకు తెలుసు. తెనాలిలో మాకు ఇరవై రెండేళ్లు కిరాణా కొట్టు ఉండేది. పొద్దున ఆరింటికి నాన్న షట్టరు ఎత్తేవారు, నాన్నకు బాగా లేనప్పుడు అమ్మ ఎత్తేది. పైన డ్రమ్ములో చుట్టుకుపోయే ఆ రేకు షట్టరు లోపల కూడా స్ప్రింగే ఉంటుంది. షట్టరు కిందికి దిగేకొద్దీ స్ప్రింగు బిగుస్తుంది, ఎత్తేటప్పుడు ఆ బిగువే మన బదులు బరువు మోస్తుంది. మా గ్యారేజీ తలుపు చుట్టుకోదు, పలకలు పలకలుగా వంగి కప్పు కిందికి జారుతుంది. కానీ కిటుకు ఒక్కటే. 16 అడుగుల వెడల్పున్న అలాంటి ఇనుప తలుపు 70 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. స్ప్రింగు మోయగా మన చేతికి తగిలేది నాలుగైదు కిలోలే. మోటారు మోసేదీ అంతే. దాన్ని మహా బలశాలి అనుకున్నాను ఇన్నాళ్లూ.

అమ్మ శాలువా సర్దుకుని తలుపు పైన గోడ వైపు చూసింది. అక్కడ అడ్డంగా ఒక ఇనుప కడ్డీ, దాని మీద దగ్గర దగ్గర చుట్లతో నల్లటి లావాటి స్ప్రింగు. ఫోను దీపం నెమ్మదిగా ఈ చివరి నుంచి ఆ చివరికి జరపమంది. "చుట్ల మధ్య ఎక్కడైనా రెండు వేళ్లు పట్టేంత ఎడం ఉందా? ఉంటే తెగినట్టు. తెగితే ముట్టుకోవద్దు. మన కొట్టు షట్టరు స్ప్రింగు తెగిననాడు మీ నాన్న కాలి బొటనవేలు పోయేది, వెంట్రుకవాసిలో తప్పింది."

ఎడం లేదు. చలికి గట్టిపడిన ఇనుము ఇలాంటి రోజుల్లోనే ఎక్కువగా తెగుతుందని తర్వాత మెకానిక్ చెప్పాడు. తలుపు పైకి ఎత్తి ఉన్నప్పుడు, స్ప్రింగు తెగిందేమో చూడకుండా ఆ తాడు లాగితే, డెబ్బై కిలోలూ ఒక్కసారిగా కింద పడతాయి. మాది మూసే ఉంది కాబట్టి ఆ భయం లేదు. మా ఆయన చెప్పబోయి ఆగిపోయిన మాట ఇదేనట.

ఇక టైలు కోయడం. నిచ్చెన కారుకు అవతల, అట్టపెట్టెల వెనక ఉంది. దాన్ని కారుకు తగలకుండా తీయడానికి పావుగంట. ఎక్కి చూస్తే, వంటింటి కత్తెరకు ఆ టైలు లొంగలేదు. చలికి ప్లాస్టిక్ రాయిలా అయింది, నా వేళ్లు అంతకంటే. గ్లవ్స్ వేసుకుంటే కత్తెర పట్టుకోలేను, తీస్తే వేళ్లు నావి కావు. రెండు నిమిషాలు కోయడం, దిగి చంకల్లో చేతులు పెట్టుకోవడం, మళ్లీ ఎక్కడం. చివరికి గులాబీ కొమ్మలు కత్తిరించే కత్తెర దొరికింది. దానితో మూడూ టక టకా తెగాయి. అది ముందే గుర్తొచ్చి ఉంటే అరగంట మిగిలేది.

తాడు కిందికి వేలాడింది. సన్నటి నైలాను తాడు. ఒంటి చేత్తో లాగితే అరచేతిలోకి దిగుతోంది గానీ కొక్కెం కదలడం లేదు. పిడి ఎక్కడ పడేశానో దేవుడికే తెలియాలి. అమ్మ లోపలికి వెళ్లి పప్పుగుత్తి తెచ్చింది. తెనాలి నుంచి తెచ్చుకున్న చెక్క పప్పుగుత్తి, మిక్సీలో మెదిపిన పప్పు తనకు పడదు. దాని కర్రకు నడుమ తాడును రెండు చుట్లు చుట్టి ముడి వేసి, "ఇప్పుడు రెండు చేతులా పట్టుకుని లాగు. వేలాడకు, లాగు" అంది.

లాగాను. గట్టిగా టక్కుమంది. పైన లివరు, అదే ఆ కొక్కెం, కిందికి వాలింది. అంతసేపూ గొలుసును అంటిపెట్టుకున్న ముక్క విడిపోయి కొంచెం ఊగింది.

ఇక లేస్తుందనుకుని పిడి పట్టుకుని ఎత్తాను. ఈసారి తలుపు నడుమ పలకలు కదిలాయి, అడుగు మాత్రం నేలను వదల్లేదు. ఆదివారం నేను బయటికి వెళ్లి వచ్చినప్పుడు కారుకు అంటిన మంచు కరిగి, ఆ నీళ్లు వాలుగా తలుపు అడుగుకు చేరి, రబ్బరు అంచుతో సహా గడ్డకట్టేశాయి. అంటే తలుపును సిమెంటుకు అతికించినట్టే. బలంగా లాగితే రబ్బరు చీలిపోతుంది. మోటారు పనిచేసే రోజు ఇలా అయి, చూసుకోకుండా మీట నొక్కితే మోటారు లోపలి పళ్లే పోతాయట.

అమ్మ మరిగే నీళ్లు పోద్దామంది. పోస్తే ఒక నిమిషం పనిచేస్తుంది, ఆ నీళ్లే పదో నిమిషానికి ఇంకా మందమైన గడ్డ అవుతాయి, దాని మీద కారు నడపాలి. ఆలోచించి ఉప్పు అన్నాను. రోడ్ల మీద జల్లేది అదే కదా. ఆవకాయకని దాచిన కల్లుప్పు మూడు కిలోలు ఉంది. "ఆవకాయ ఉప్పా?" అని ఒక్క క్షణం ఆగి, తనే సంచీ కత్తిరించింది. రబ్బరు పొడవునా ఉప్పు పోసుకుంటూ పోయాం. మరీ మైనస్ 19లో ఉప్పుకు బలం చాలదు గానీ, గ్యారేజీ లోపల అంత చలి లేదు. పావుగంటకు అంచు వెంట తడి మెరిసింది. అప్పుడు స్టీలు అట్లకాడ తీసుకుని, రబ్బరుకూ నేలకూ మధ్య జొనిపి, అట్టు మాడినప్పుడు పెనం నుంచి విడదీసినట్టే, జానెడు జానెడు జరుపుతూ 16 అడుగులూ విడదీశాను. మోకాళ్లు మొద్దుబారిపోయాయి. అవతలి చివర విడివడినప్పుడు తలుపు తనంతట తానే ఓ అంగుళం పైకి లేచి, చలిగాలి కాళ్లకు తగిలింది.

"పలకల మధ్య వేళ్లు పెట్టకు" అని అమ్మ హెచ్చరించింది. తలుపు వంగేటప్పుడు ఆ పలకలు కత్తెరలా మూసుకుంటాయి. అడుగు పిడి పట్టుకుని, నడుము కాకుండా మోకాళ్లు వంచి లేచాను. మోకాలి ఎత్తు దాకా కొంచెం బరువు, ఆ పైన ఆశ్చర్యం: తలుపు నన్ను లాక్కుపోయినంత తేలిగ్గా పైకి జారింది. ఆరేళ్లలో మొదటిసారి దాని చక్రాల చప్పుడు విన్నాను. రోజూ ఆ చప్పుడు మోటారు రొదలో కలిసిపోయేది. కళ్లు చెదిరేలా తెల్లటి సందు. ఎదురింటి గ్యారేజీ తలుపు కూడా అప్పుడే సగం లేచి ఉంది, దాని కింద ఒక పెద్దాయన కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. చేయి ఊపాను. కాళ్లకు కనిపించదు కదా.

కారు బయటికి తీశాక తలుపు దించడం అమ్మ చేసింది, లోపలి నుంచి. విడిచిపెట్టకుండా, బరువును చేతుల్లో ఉంచుకుంటూ నెమ్మదిగా దించింది. ఆ దించడంలో కొట్టు కట్టేసే రాత్రి తొమ్మిది గంటల వేళ నాకు కనిపించింది. మోటారుతో సంబంధం తెగిన తలుపును బయట నుంచి ఎవరైనా ఎత్తేయగలరు కాబట్టి, లోపల పక్కన ఉండే ఇనుప గడియను జరిపి పట్టా రంధ్రంలోకి దూర్చమన్నాను. దూర్చింది. ఈ గడియ సంగతి గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోలేదు. కారును చుట్టూ తిప్పి ముందు వీధిలోకి తెస్తే, అమ్మ పాపనెత్తుకుని ముందు తలుపు తాళం వేసుకుని వచ్చింది. మామూలు రోజు పన్నెండు నిమిషాల దారి, యాభై నిమిషాలు పట్టింది. స్నేహితురాలి ఇంట్లో అడుగుపెట్టాక పాప తన చేతులు తనే చూసుకుంటూ నవ్వింది, రెండు రోజులుగా మేజోళ్లలోనే ఉన్న చేతులు.

గురువారం మధ్యాహ్నం కరెంటు వచ్చిందని తెలిసి ఇంటికొచ్చాం. సందులో నిలిచి రిమోట్ నొక్కితే లోపల మోటారు తిరిగిన చప్పుడు వచ్చింది, తలుపు మాత్రం కదల్లేదు. నిజమే, విడదీసింది నేనే. ముందు తలుపు గుండా లోపలికి వెళ్లి, పప్పుగుత్తిని ఈసారి కిందికి కాకుండా మోటారు వైపుకు లాగాను. మా మోటారుకు తిరిగి కలిపే పద్ధతి అది. మరో రకం మోటారుకు తలుపు వైపు లాగాలి, ఎవరిది వారు పుస్తకంలో చూసుకోవలసిందే. లివరు సమంగా నిలిచింది. ఠీవిగా మీట నొక్కాను. గొలుసు కదిలింది, టక్కుమని పట్టుకుంది, ఆ తర్వాత ఇల్లంతా మూలిగినట్టు ఒక మోత. తలుపు పై పలక విల్లులా లోపలికి వంగిపోయింది. మోటారు దానంతటది ఆగిపోయింది గానీ అప్పటికే రేకు మడత పడింది.

గడియ.

అమ్మ ఏమీ అనలేదు. వెళ్లి గడియ తీసింది, అంతే. అలా ఏమీ అనకపోవడం ఆమెకు బాగా వచ్చు.

మెకానిక్ రావడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. ఊళ్లో సగం తలుపులకు అదే తంటా. మడత పడిన పలకకు అడ్డంగా ఇనుప బద్ద బిగించి నిలబెట్టాడు, 190 డాలర్లు. ఆ వారం తను చూసిన తలుపులలో స్ప్రింగులు తెగినవి ఎన్నో, గడియ తీయకుండా మీట నొక్కినవీ అన్నే అన్నాడు, నన్ను ఓదార్చడానికేనేమో. మామూలు స్ప్రింగు పదివేల సార్లు తెరిచి మూయడానికి చేస్తారట. రోజుకు నాలుగుసార్లు వాడితే ఏడేళ్లకు కాస్త తక్కువ. మా తలుపుకు ఆ వయసు దగ్గర పడిందని మార్పించుకున్నాను. స్ప్రింగు జోలికి మాత్రం మనం పోకూడదు. దాంట్లో చుట్టి ఉన్న బలం చేయి విరిచేయగలదు. బ్యాటరీ ఉన్న మోటారు గురించి అడిగితే, కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి అది లేని మోటారు అమ్మకూడదని చట్టమే ఉందన్నాడు. 2017లో అక్కడ కార్చిచ్చులు వచ్చినప్పుడు కరెంటు పోయి, గ్యారేజీ తలుపు ఎత్తలేక లోపలే చనిపోయిన వాళ్లున్నారు, ఎక్కువగా పెద్దవాళ్లు. నిచ్చెన మీద నేను కోసిన మూడు టైలు అప్పటికీ గ్యారేజీ నేల మీదే ఉన్నాయి. మెకానిక్ వెళ్లాక ఏరి పారేశాను.

దొంగల భయానికి ఇప్పుడు వేరే ఏర్పాటు చేశాం. లివరుకూ తలుపు అంచుకూ మధ్య హ్యాంగరు చేరకుండా ఒక చిన్న ప్లాస్టిక్ పలక అడ్డం ఉంటుంది, తాడు మాత్రం స్వేచ్ఛగా వేలాడుతుంది. మెకానిక్ తన సంచిలోంచి కొత్త ఎర్ర పిడి తీసి, ఆ పప్పుగుత్తి విప్పేయమంటారా అని అడిగాడు. అది ఏమిటో అతనికి అర్థం కాలేదు, దేవుడికి సంబంధించినదేమో అన్నంత మర్యాదగా దాన్ని తప్పించుకుని తిరిగాడు. వద్దన్నాను. రెండు చేతులకూ పట్టు దొరికేది దానికే.

అమ్మ ఆగస్టులో వెళ్లిపోయింది. వెళ్లేముందు ఇండియన్ స్టోరుకు తీసుకెళ్లి నాకు ఇంకో పప్పుగుత్తి కొనిపెట్టింది. కర్ర పొట్టిగా ఉందనీ, ఇది తాడుకైతే పనికిరాదనీ దారంతా చెబుతూనే ఉంది.